త్రివేణి నంబరు

బస్టాండు గోడకు కాగితం అంటించిన సాయంత్రమే ఫోన్లు మొదలయ్యాయి.

'జడ్చర్లలో కొత్తగా బాలికల కబడ్డీ జట్టు. పద్నాలుగేళ్ళ లోపువారికి. పన్నెండు మందికే చోటు. పేర్ల నమోదుకు సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి.' కింద బాలకృష్ణ సారు నంబరు.

సారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరై రెండేళ్ళు. భార్య పోయి ఏడాది. పిల్లలు లేరు. రెండు గదుల కిరాయి ఇంట్లో, పొద్దున వండుకున్న అన్నమే సాయంత్రానికీ.

ఫోను చేసినవాళ్ళంతా అడిగేవి అవే. డ్రెస్సు ఇస్తరా? సర్టిఫికెట్ వస్తదా? బస్సు పాసుంటదా? జవాబు వినగానే పెట్టేసేవారు. కొందరు సారు మాట పూర్తికాకముందే పెట్టేసేవారు.

ఐదో రోజు గోపమ్మ చేసింది. పది కిలోమీటర్ల అవతలి పల్లె. గొర్రెల కాపరుల కుటుంబం.

"మా మనుమరాలు సారూ. త్రివేణి. పదమూడేండ్లు. మంద తప్పిన పొట్టేలును ఉరికురికి పట్టుకొస్తది."

సారు నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులయింది. పేరు, ఊరు, తరగతి అడిగి రాసుకున్నాడు.

"ఇంకేమన్న చెప్పాల్నా సారూ?"

"చాలమ్మా."

"నువ్వు తిన్నవా మరి?"

సారు పెన్ను పక్కన పెట్టాడు. ఏడాదిగా ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"ఇంకా లేదమ్మా."

"ఎవరొండుతరు?"

"నేనే."

"అయ్యో, ఒక్కనివేనా!" అంది గోపమ్మ. "సరే సారూ, పిల్లను ఎప్పుడు తోల్కరమ్మంటవు?" అని అడిగింది.

సారు రిజిస్టరు మూసేశాడు.

"వెయిటింగ్ లిస్టుల పెడతనమ్మా. ఆరో నంబరు."

"అంటే?"

"ముందున్నోళ్ళు ఎవరన్న రాకపోతే, వెనకున్నోళ్ళకు జాగా వస్తది. రేపు ఇదే టైముకు ఒకసారి చెయ్యి."

ఫోను పెట్టాక రిజిస్టరు చివరి పేజీలో స్కేలు పెట్టి గీతలు గీశాడు. పైన 'వెయిటింగ్ లిస్టు' అని గుండ్రంగా రాశాడు.

మర్నాడు సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది. ఆ మర్నాడూ మోగింది.

నంబరు అడగడం ఒక్క నిమిషం. ఆ తర్వాత గోపమ్మ లోకాభిరామాయణం. ఏ గొర్రె కవలల్ని ఈనిందో, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎప్పుడు పిసికి వెయ్యాలో, కొడుకు బీరన్నకు ఎందుకంత కోపమో. త్రివేణి వాకిట్లో సున్నంతో గీత గీసుకుందట. గొర్రెపిల్లలే అవతలి జట్టట.

"కూతకు ముందు ఊపిరి నిండ పీల్చమను. గీత దాటేటప్పుడు చూపు వాళ్ళ కాళ్ళ మీద ఉండాలె," అని సారు చెప్పేవాడు. గోపమ్మ ఫోను చేతిలో పట్టుకునే ఆ మాట వాకిట్లోకి అరిచి చెప్పేది.

ఐదున్నరకే సారు టీవీ కట్టేసేవాడు. ముఖం కడుక్కుని తల దువ్వుకునేవాడు. పచ్చిపులుసు కుదిరిన రోజు ఆ సంగతి ఆమెకు చెప్పాలని మధ్యాహ్నం నుంచే ఎదురుచూశాడు.

ఆరో నంబరు ఐదైంది. వారానికి నాలుగు. తర్వాత మూడు.

నెల తిరగబోతుండగా ఒక సాయంత్రం గోపమ్మ గొంతు మారింది.

"ఈడ మేత లేదు సారూ. బీరన్న మందను కృష్ణ ఒడ్డుకు తోలుతనంటున్నడు. పిల్లను గూడ తోల్కపోతడట, వంటకు. బడి బందే ఇగ. జట్టుల జాగా వస్తే మాత్రం నాకాడ ఉంచుతనన్నడు. నంబరెంత?"

"రెండు."

"జర చూడు సారూ."

"ఎప్పుడు పోతరు?"

"అమాస ఎల్లినంక."

సారు క్యాలెండరు చూశాడు. "ఇంకా నాలుగు రోజులున్నది. ఫికర్ చెయ్యకమ్మా."

మర్నాడు కూడా రెండే అన్నాడు. ఆ మర్నాడు ఒకటన్నాడు. "దగ్గరికొచ్చినం!" అని గోపమ్మ మురిసిపోయింది. ఆ రోజు ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

తెల్లారి లేస్తూనే సారు నిశ్చయించుకున్నాడు. ఈ రోజు చెప్పెయ్యాలి. గడ్డం గీసుకుంటూ, "జాగా వచ్చిందమ్మా, రేపే తోల్కరా" అని అద్దంలో రెండుసార్లు అని చూసుకున్నాడు. రేపట్నుంచి ఆరింటికి ఫోను మోగదు. మోగకపోతే మోగకపాయె అనుకున్నాడు.

ఆరింటికి మోగింది.

"తిన్నవా సారూ?" ఈసారి గోపమ్మ నంబరు అడగలేదు.

"అమ్మా, జాగా..."

"పోయిండ్రు సారూ. పొద్దుగాల్నే. దారిల ఇంకో మంద జతైతాందని బీరన్న ముందుగాలనే కదిలిండు. ఒక్క దినం ఆగురా అంటే ఇనలేదు. పిల్ల ఏడ్సుకుంటనే పోయింది."

సారు చేతిలోని పెన్నుకు మూత పెట్టాడు.

"నువ్వేం చేస్తవు సారూ? వరస తప్పితివా, సిఫారసు చేస్తివా? మా పిల్లకు రాసి లేదు. ఆ జాగా దానెనకున్న పిల్లకియ్యి. ఆమె సుత గిట్లనే ఎదురుచూస్తుంటది గద. జర యాళకు తిను. ఉంట మరి."

ఫోను ఆగిపోయింది.

బాలకృష్ణ సారు చాలాసేపటికి రిజిస్టరు తెరిచాడు. పన్నెండు గళ్ళ జట్టు పేజీలో నిండినవి ఎనిమిదే. వెయిటింగ్ లిస్టులో మొదటిరోజు నుంచీ ఉన్నది ఒక్క పేరే.