కొంగ ఎత్తిన కాలు

వానలు ముంచుకొస్తున్నాయని చెరువుగట్టు పక్షులన్నీ కలిసి ఉమ్మడి పందిరి వేసుకుంటున్నాయి. పుల్ల ఎవరైనా తేవచ్చు. దొంగపుల్లలు కలిస్తే రేపు తగాదాలొస్తాయని కొంగ ఒక పద్ధతి పెట్టింది. తెచ్చినవాళ్ళు "ఈ పుల్ల నాదే, ఇచ్చే హక్కు నాకుంది" అని ఒట్టేసి, బంకమట్టిలో కాలిముద్ర వెయ్యాలి.

గిజిగాడు గడ్డిపోచ తెచ్చి నసిగాడు. "గాలికి కొట్టుకొచ్చింది కొంగత్తా. ఎవరిదో తెలీదు."

"తెలీనిది మాకెందుకురా? పో, పో!" అని కసిరింది కొంగ.

కాకి మాత్రం మోపులకు మోపులు దింపి, టపటపా ముద్రలు గుద్దేసింది. "నిజాయితీ అంటే ఇదీ!" అని కొంగ మురిసిపోయింది. ముద్రలు చూసుకుందే గానీ పుల్లల వంక కన్నెత్తి చూడలేదు.

సాయంత్రం ఇంటికెళితే గూడు లేదు. పైన ఉరుములు. పిల్లలు ఉత్త కొమ్మను కరుచుకుని కీచుకీచుమంటున్నాయి.

కొంగ లబోదిబోమంటూ పందిరి దగ్గరికి వచ్చిపడి, కాకి దింపిన మోపుల వంక అప్పుడు చూసింది. "అవి నా గూటి పుల్లలే దొంగముండా!"

"ముద్ర నాది కదత్తా," అంది కాకి తాపీగా. "నీ సొంతమే అయితే నువ్వూ ఒట్టేసి ముద్ర వెయ్యి. పట్టుకుపో."

పక్షులన్నీ చూస్తున్నాయి. కొంగ విసురుగా కాలెత్తింది. ఆ పుల్లలు పోయినేడు పక్కకొమ్మ నారాయణపక్షి గూట్లోంచి తను లాక్కొచ్చినవని అప్పుడు గుర్తొచ్చింది. నారాయణపక్షి ఎదురుగానే ఉంది.

ఎత్తిన కాలు దించలేదు. ఇప్పటికీ నీళ్ళలో అలాగే ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది. చూసినవాళ్ళు తపస్సనుకుంటారు.