లాకుల్లో ఓడ ఆగితే

గోడ అవతల మళ్ళీ మొదలైంది.

ధబ్. కాసేపాగి, ఇంకో ధబ్. తర్వాత ఏదో గాజు వస్తువు భళ్ళున పగిలింది.

ఓడ కాలువ లాకుల్లో ఆగి ఉంది. ముందూ వెనకా తలుపులు మూసి, నీళ్ళు నింపి ఓడను పైకి లేపుతున్నారు. ఆ వింత చూడ్డానికి జనమంతా డెక్కు మీదకెళ్ళారు. ఇంజను హోరు లేకపోయేసరికి పక్క క్యాబిన్‌లో పడే ఒక్కో దెబ్బా కోచ్‌గారికి స్పష్టంగా వినిపిస్తోంది.

ఆయన జీవితమంతా కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పినవాడు. చెంపదెబ్బ ఏదో, పిడిగుద్దు ఏదో గోడ ఇవతలనుంచే చెప్పగలడు.

"వాడు ఆ పిల్లని చంపేసేలా ఉన్నాడే," అంటూ లేచాడు.

"సముద్రం చూడ్డానికొచ్చారా, పక్కవాళ్ళ సంసారం వినడానికొచ్చారా?" అంది భార్య. "అసలు ఏడుపు వినబడిందా మీకు?"

"నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చేవాళ్ళు నాకు తెలుసు."

కోచ్‌గారి చెల్లెలు అలాగే ఏడ్చేది. మొగుడు కొడుతున్నాడంటే అందరూ సర్దుకుపొమ్మన్నారు. సర్దుకుని సర్దుకుని చివరికి ఆస్పత్రి మంచం మీద ప్రాణం వదిలింది. అప్పటినుంచి ఆడదాని మీద చెయ్యెత్తే మగాడంటే ఆయనకి ఒళ్ళు మంట. ఈ పిల్లని మాత్రం చావనివ్వకూడదు.

వెళ్ళి పక్క తలుపు దబదబా బాదాడు. మొగుడు తలుపు వారగా తెరిచాడు. ఆరడుగుల మనిషి. ఉక్కపోతలోనూ మెడ దాకా గుండీలు, గదిలో కూడా నల్లకళ్ళజోడు. ఒగరుస్తున్నాడు.

"ఏం లేదండీ. పెట్టె జారి పడింది," అని తలుపేసుకున్నాడు.

మర్నాడు భోజనాల హాల్లో ఆమె కనబడింది. పిడికెడు మనిషి. ఎడమ చేత్తో కప్పు పట్టుకుంది. కుడి చేతి కణుపులు కమిలి, వాచి ఉన్నాయి.

"తలుపు సందులో పడిందన్నయ్యగారూ," అంది చెయ్యి ఒళ్ళో దాచుకుంటూ.

అన్నయ్య అనేసరికి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. అలవాటు కొద్దీ జేబులో ఉండే కట్టుగుడ్డ తీశాడు. బరిలోకి దిగే శిష్యుడికి కట్టినంత శ్రద్ధగా, మణికట్టు నుంచి వేళ్ళ సందుల దాకా చుట్టి బిగించాడు. "ఇంక నొప్పి తెలీదమ్మా," అన్నాడు.

పక్కనే ఉన్న మొగుడు ఆ కట్టు చూసి తల దించుకున్నాడు. ఆ మాత్రం సిగ్గుంది వెధవకి, అనుకున్నాడు కోచ్.

ఓడ ఆగిన ప్రతి రేవులోనూ ఒకటే తంతు. ప్రయాణికుల్ని బస్సులెక్కించి ఊరు చూపిస్తారు. కోట దగ్గరో, బజారులోనో ఈ మహానుభావుడు మాయమవుతాడు. "అన్నయ్యగారూ, ఆయన ఎటెళ్ళారో చూశారా?" అంటూ ఆ పిల్ల గాభరాగా వెతుక్కుంటుంది. ఎక్కడో పట్టుకుని, చెయ్యి పుచ్చుకుని తీసుకొస్తుంది. ఇంత జరిగినా మొగుడే కావాలి! చెల్లెలూ అంతే.

చివరి రేవులో అతను దొరకనే లేదు. ఓడ కూత వేసింది. వేళైతే ఎవరికోసమూ ఆగదని గైడు ముందే చెప్పాడు.

"ఆయన లేకుండా నేనెలా వెళ్ళను!" అని ఆమె ఓడ మెట్ల దగ్గర గోల పెడుతోంది.

కోచ్ పరుగెత్తాడు. "ఏవండీ, మీ మోకాళ్ళు!" అని భార్య వెనకనుంచి అరుస్తూనే ఉంది.

చేపల బజారు వెనక, ఖాళీ పెట్టెల చాటున నక్కి కూర్చున్నాడు మొగుడు.

"పెళ్ళాన్ని నడిదారిలో వదిలేసి పారిపోతావురా?"

"మీకు దణ్ణం పెడతాను. ఆ ఓడ వెళ్ళిపోనివ్వండి."

మొదటి గుద్దు పెదవి మీద పడింది. రెండోది డొక్కలో. అతను పెట్టెల మీద పడ్డాడు, పెట్టెలు అతని మీద పడ్డాయి. కోచ్ కాలరు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. ముక్కులోంచి రక్తం కారి చొక్కా తడిసింది. కళ్ళజోడు ఎగిరిపోయింది. కన్ను అప్పుడే నల్లబడి ఉంది. తన గుద్దులో పస తగ్గలేదనుకున్నాడు కోచ్.

అంత మనిషీ ఒక్కసారి చెయ్యెత్తలేదు. మోచేతుల మధ్య తల దూర్చి, ఎవరో తర్ఫీదిచ్చినట్టు ముడుచుకున్నాడు.

"ఆడదాని దగ్గరేనట్రా నీ మగతనం?" చెల్లెలు పోయినప్పటి కసంతా పెట్టి ఇంకోటిచ్చాడు కోచ్. ఎముక ఏదో పటుక్కుమంది.

కాలరు పట్టుకుని రేవు దాకా ఈడ్చుకొచ్చాడు. మెట్లు తీసేస్తుండగా ఓడలోకి తోశాడు. ఆమె ఎదురొచ్చి కట్టుతోనే చేతులు జోడించింది.

"మీ మేలు మర్చిపోలేనన్నయ్యగారూ."

"ఇంక వీడు తోక జాడించడమ్మా. జాడిస్తే గోడ మీద కొట్టు. నేనున్నాను."

ఆమె మొగుణ్ణి లోపలికి తీసుకెళ్ళి గడియ వేసుకుంది.

కోచ్ చన్నీళ్ళలో చేతులు ముంచుకుని కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళకి మనసు తేలికపడింది. సాయంత్రానికి ఓడ ఆఖరి లాకుల్లోకి వచ్చి ఆగింది. ఇంజను హోరు తగ్గింది.

ధబ్.

"ఇంకా బుద్ధి రాలేదే వీడికి!" కోచ్ ఒక్క గెంతులో వెళ్ళి గోడకి చెవి ఆనించాడు.

"కొట్టకే, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకెప్పుడూ ఓడ దిగి పారిపోనే," అని ఏడుస్తున్న గొంతు మగవాడిది.