నవ్వుతూ వెళ్ళిన తిరుమలమ్మాళ్

పాటగాడు ఆండియప్ప ఉరుమి డోలు మోగించగానే సంతానలక్ష్మి రెండు చెవులూ మూసుకుంది.

తెల్లవారకముందే ఆమె మొగుడు పాము కరిచి పోయాడు. పొద్దెక్కేసరికి మామ కుప్పుసామి పాటగాణ్ణి పిలిపించాడు. ఆ ఇంటి ఆచారం అది. తిరుమలమ్మాళ్ పాట విని, కోడలు తనంతట తానే లేచి ఆకుల గుడిసెలోకి నడవాలి. శవం పక్కన కూర్చోవాలి. తలుపు మూసి బయటినుంచి నిప్పు పెడతారు. సహగమనం కూడదన్న కుంఫిణీ దొరకు కోయంబత్తూరులో కబురు అందేలోగా అంతా అయిపోవాలి.

కినత్తుకడవు చుట్టుపక్కల జనమంతా కొబ్బరికాయలతో దిగారు. చావబోయే పిల్లకు మొక్కుకోవడానికి ఎంత తొందరో!

పాటలో మొగుడు పులితో కలబడి చచ్చాడు. పెళ్ళాం తిరుమలమ్మాళ్, ఒకప్పటి ఈ ఇంటి పెద్దకోడలు, నవ్వుతూ మంటల్లో కలిసి దేవతైంది. ఆమె తోడికోడలు లక్ష్మియమ్మాళ్ ఇంకా బతికే ఉంది. కుప్పుసామి తల్లి. ఈ పాట ఎత్తుకున్నప్పుడల్లా ఆ ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. భక్తి అనుకునేవారు.

"పులీ లేదు, గిలీ లేదు. ఆ మొగోడు జొరమొచ్చి పోయె," అంది గుంపులోంచి ఒక గొంతు.

కారమడై వైపు నుంచి పూలు అమ్మడానికి వచ్చిన ముసలిది.

ఆండియప్ప వాయించడం ఆపాడు. "నువ్వు చూసితివా అవ్వా?"

"నువ్వు చూసితివా? మొగోడు జొరంతో మూలిగినా పాటలో పులి వస్తాది. ఆడది గొంతు చించుకొని ఏడిచినా పాటలో నవ్వుతాది. బాగుండాది మీ పాట!"

కుప్పుసామికి ఒళ్ళు మండింది. "తరమండిరా దీన్ని! అమ్మోరినే తప్పంటాదా?"

పొద్దుటినుంచి తన మనసులో ఉన్న మాట ఒక్కరు, ఒకే ఒక్కరు, బయటికన్నారు. సంతానలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. లేవబోయినదల్లా మళ్ళీ చతికిలబడి కూర్చుంది.

"నాకు నవ్వు రాలేదు మామా. నేను పోను."

జనం గొల్లుమన్నారు. కుప్పుసామి ఆమె రెక్క పట్టి ఈడ్చుకెళ్ళాడు. "తిరుమలమ్మాళ్ పోయిన దావలోనే నువ్వూ పోవల్ల!" అంటూ గుడిసెలోకి తోసి తలుపు బిగించాడు.

లోపల శవం. బయట దివిటీ వెలిగిస్తున్న చప్పుడు. సంతానలక్ష్మి రెండు చేతులా తలుపు బాదింది. అరిచింది. తిట్టింది. పాటలో లేనివన్నీ చేసింది.

ఆకుల సందులోంచి పూలముసలి కనబడింది. దివిటీవాణ్ణి పక్కకు నెట్టి, కొంగు నోట్లో కుక్కుకున్న లక్ష్మియమ్మాళ్ ముందు నిలబడింది.

"చెల్లీ లచ్చుమీ, ఆ పొద్దు గుడిసె వెనక తడిక కోసి దొంగతనంగా నన్ను బయటికి లాగితివే, ఈ పిల్లకి అందరూ చూస్తుండగా ముందర తలుపే తియ్యి!"