జీతం లేని దేశం

“పిల్లలు?” ఫారంలోని నాలుగో గడి మీద పెన్ను ఆనించి అడిగాడు సుదర్శన్.

“మీకు ఎరికే గద సేటూ. లేరు,” అంది విజయ.

అతను ఆ మాటే ఇంగ్లీషులో రాశాడు. పేరు, వయసు ముప్పై తొమ్మిది, సొంతూరు కోరుట్ల, భర్త చనిపోయాడు అన్న గడులు అప్పటికే నిండాయి. కరెంటు పోయి గంటయింది. అతని కుట్టు మిషన్లతో పాటు సిరిసిల్ల మగ్గాలన్నీ ఆగిపోయాయి. గోడ అవతల ఎవరో దగ్గినా వినబడుతోంది. బల్ల మీద నాలుగు బడుల యూనిఫారం గుడ్డ తానులుగా పడి ఉంది. దాన్ని కత్తిరించవలసిన మనిషేమో శ్రీలంక పోతానని ఎదురుగా నిలబడింది.

అక్కడ సముద్రం పక్కన దిక్కులేని పిల్లల ఆశ్రమం. మూడు నెలలు సేవ చేయాలి. తిండి, పడక వాళ్లవి. జీతం లేదు, విమానం టికెట్టు మనదే. పని ఇచ్చిన యజమాని హామీ సంతకం ఉంటేనే రానిస్తారు. విజయ రెండుసార్లు అడిగింది, సుదర్శన్ రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి ఆమె ఫారమే తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఏ పనినైనా పోయేదెంత, వచ్చేదెంత అని తూచి చూడటం అతని అలవాటు. ఈ పనిలో రెండో పళ్లెం ఖాళీగా కనబడుతోంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఏ బస్టాండులో చూసినా పరదేశం పోయేవాడు సంపాదనకే పోతాడు. ఊరికే చాకిరీ చేయడానికి ఎదురు ఖర్చు పెట్టుకుని పోయే మనిషిని అతను ఇంతవరకు చూడలేదు.

“గీ అడ్రసు నీకెవరిచ్చిన్రు?”

“సాయిలన్న. మస్కట్‌ల మా ఆయనతోని ఒక్క రూములనే ఉండె. గాడ లంకోళ్లు గూడ పనిచేస్తరట. మా ఆయన సామాను తెచ్చిచ్చినప్పుడు చెప్పిండు.”

“అగో, దొరికిండు ఏజెంటు! ఆయనకెంత ముడుతది?”

“ఏం ముట్టది సేటూ. చెప్పనీకే మస్తు తిప్పలవడ్డడు, పాపం.”

కిటికీ దగ్గర గుండీలు కుడుతున్న మల్లవ్వ తలెత్తింది. “పోనియ్యి సేటూ. కడుపు పండకపాయె. గాడ ముప్పై మంది పిల్లలట. కండ్లనిండ చూసుకొని అస్తది.”

“పిల్లలకు మన దిక్కు కరువా? బోయినపల్లి హాస్టల్‌ల లేరా? పొద్దున బస్సుకు పోయి మాపటికి రావచ్చు.”

“ఉన్నరు సేటూ,” అంది విజయ. “ఈడోళ్లకు పండుగకన్న ఎవరో ఒకరు వస్తరు. గాడోళ్లకు ఎవ్వరు రారట.”

ఆ గొంతులో వాదన లేదు. రోజంతా నిలబడి కత్తెర పట్టిన మనిషి అలసట ఉంది. ఆమె భర్త ఏసుబాబు చివరి ఏడేళ్లు ఇంటి ముఖం చూడలేదు. రెండేళ్ల కింద శవమై వచ్చాడు. మట్టి చేసిన నాలుగో రోజున ఆమె వచ్చి కత్తెర పట్టుకుంది. ఆనాటి నుంచి ఒక్క సెలవు అడగలేదు. ఇంత అలసిన మనిషి ఇంకాస్త పని కోసం దేశం దాటుతానంటే అది ఏ లెక్కకూ అందలేదు సుదర్శన్‌కు.

“ఎందుకు రావాలనుకుంటున్నరు, అని అడుగుతున్నరు,” తర్వాతి గడి చదివాడు.

“జడలేస్త. బట్టలు కుడుత. పెద్ద పిల్లలకు మిషను నేర్పిస్త.”

“ఏం చేస్తవని కాదు విజయమ్మా. ఎందుకని.”

ఆమె బల్ల మీద జారిన తాను అంచు సర్దింది. “ఒక్కపారి చూడాలె సేటూ. చూస్తెగని నాకు నిద్రవట్టది.”

ఆ మాటకు అతని దగ్గర ఇంగ్లీషు లేదు. ‘పిల్లలంటే ప్రేమ’ అని రాశాడు.

“గాడనే ఉండిపోతే? జూన్‌ల బడులు తెరుస్తరు. నా గతేంది?”

“మే నెలల తిరిగొస్త. సైజుకొక అట్ట కోసి పెట్టిన. మిషను కుట్టే కల్యాణికి కోసుడు నేర్పిన. నాలుగు దినాల సంది ఆమెనే కోస్తున్నది, మీకు తేడా తెలిసిందా?”

సుదర్శన్‌కు తెలియలేదు. అవతలివాడు సరుకు ముందే దించేసి కూర్చుంటే ఇక బేరమాడేదేముంది?

“మూడు నెలలే?”

“ఏసయ్య తోడు.”

“లంకకు పోతున్నవు,” అంది మల్లవ్వ, “అచ్చేటప్పుడు హనుమంతుని లెక్క ఊరికి అంటువెట్టి రాకే తల్లీ!”

విజయ పెదవి చివర చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది. సుదర్శన్ మాత్రం గట్టిగా నవ్వాడు. నవ్వుతూనే సంతకం చేసి దుకాణం ముద్ర వేశాడు. మూడు నెలల మంచి కత్తెర చేజారింది. బదులుగా ఏమొచ్చిందో చెప్పమంటే చెప్పలేడు. అయినా నష్టపోయాననిపించలేదు. పిల్లలు లేని ఆడమనిషి దుఃఖం ఇట్లాగైనా తీరనీ అనుకున్నాడు.

మల్లవ్వ చాయ్ తాగడానికి లేచి వెళ్లింది. అతను కాగితం వెనక్కి తిప్పాడు. ఇంకో గడి మిగిలి ఉంది.

“ఆశ్రమంల ఉన్న పిల్లలతోని మీకు ఏమన్న బంధుత్వం ఉన్నదా?” చదివి తల ఊపాడు. “ఏమడుగుతరో వీళ్లు! లంకల నీకెక్కడి చుట్టాలు?” ఆమె జవాబు కోసం చూడకుండానే రాసేశాడు.

“ఏం రాసిన్రు?”

“ఎవ్వరు లేరని.”

విజయ ఆ అక్షరాల వైపు చూసింది. తర్వాత వాకిలి వైపు చూసింది. మల్లవ్వ సందు మలుపు దాటిపోయింది.

“గా మాట కొట్టెయ్యున్రి సేటూ.”

“ఎందుకు?”

“మా ఆయన బిడ్డ గాడనే ఉన్నది.”