కాల్లో ప్లేటు

"కాల్లో ప్లేటు వేశానన్నారు. ఏదండీ?" అంటూ రత్తయ్య జేబులోంచి అయస్కాంతం తీసి డాక్టర్ ప్రేమ్ సాగర్ బల్ల మీద పెట్టాడు.

అది బోటులో జారిపడ్డ నట్లూ బోల్టులూ ఏరుకునే అయస్కాంతం. పాత స్పీకరులోంచి ఊడదీసింది. అలాంటిది ఆపరేషనైన కాలికి పెడితే గులకరాయిలా జారి కిందపడింది. అప్పటినుంచీ రత్తయ్యకు అన్నం సయించడం లేదు. అసలే అనుమానం మనిషి, ఐసుగడ్డనైనా నాకి చూసి గానీ కొనడు. లోపల ఏ ప్లాస్టిక్ ముక్కో పెట్టి కుట్టేసి ఉంటే? వేటకెళ్లినప్పుడు నడిసముద్రంలో ఆ కాలు పుటుక్కుమంటే దిక్కెవరు? అందుకే గిలకలదిండి నుంచి గుడివాడ దాకా బస్సులో వచ్చిపడ్డాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి లైటుకు పెట్టాడు. "ఇదిగో, ఎముక పక్కన తెల్లగా కనబడట్లా? అదే మీ ప్లేటు."

"అది నా కాలేనని ఏంటండీ నమ్మకం? ఫొటోలో కాళ్లన్నీ ఒకలాగే ఉంటాయిగా."

"ఊరుకోవయ్యా, డాక్టరుగారితో ఏంటా మాటలు," అంది పక్క కుర్చీలోంచి అతని భార్య ముత్యాలమ్మ. ఆవిడకు పొద్దున్నుంచీ నవ్వాగడం లేదు. బస్సులో పక్కవాళ్లకు చెప్పి మరీ నవ్వింది.

"ప్లేటుకి అయస్కాంతం అంటుకోవాలని మీకెవరు చెప్పారు?" అన్నాడు డాక్టరు.

"ఒకళ్లు చెప్పేదేంటండీ. కళ్లారా చూశాను."

డాక్టరుకు కోపం రాలేదు. "మీ బోటు కింద నీళ్లలో ఫ్యాను తిప్పే స్టీలు షాఫ్టు ఉంటుందిగా. దానికి ఈ అయస్కాంతం అంటుకుంటుందా?"

రత్తయ్య బల్ల మీది అయస్కాంతం వైపు చూశాడు. "అంటుకోదు."

"తుప్పు పడుతుందా?"

"ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలోనే ఉంటుందండీ. మచ్చ కూడా పడదు."

"మన రక్తమూ ఉప్పగానే ఉంటుంది. అందుకే ఆ జాతి స్టీలే, ఇంకా మేలు రకం, కాల్లో వేస్తాం. అందులో క్రోమియం ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు. నికెల్ సరిపడా కలుస్తుంది కాబట్టి అయస్కాంతం లాగదు. మీ కాలికి అంటుకోలేదంటే లోపలున్నది అసలు సరుకే. అంటుకుంటేనే భయపడాలి. నాసిరకం స్టీలు ఒంట్లో తుప్పుపట్టి చీము పోస్తుంది. మళ్లీ కోసి తియ్యాల్సిందే."

రత్తయ్యకు గుండెల మీంచి బండ దింపినట్టయింది. సిగ్గు కూడా వేసింది. ఇక ఊరు చేరేదాకా ముత్యాలమ్మ ఎలా ఏడిపిస్తుందోనని ఆవిడ వైపు చూశాడు.

ముత్యాలమ్మ నవ్వడం లేదు. చీర కుచ్చెళ్లు కాస్త పైకి లాక్కుని తన కాలి వైపే చూసుకుంటోంది.

"డాక్టరుగారూ," అంది మెల్లిగా, "ఆటో తిరగబడ్డప్పుడు నాక్కూడా మీరే వేశారుగా ప్లేటు. మరి ఇంటి దగ్గర ఈయన ఈ అయస్కాంతం పెట్టి చూస్తే నా కాలికి గట్టిగా అతుక్కుందేంటండీ?"