గుమ్మంలో గంట మోగితే

కెనడాలో మా ఊరు విన్నిపెగ్‌లో మంచు మొదలవగానే మేం మెక్సికో సముద్రతీరానికి వచ్చేస్తాం. ఇల్లు ఖాళీ అని దొంగలకు తెలియకూడదని గుమ్మంలో కెమెరా పెట్టించాం. అక్కడ ఎవరు గంట కొట్టినా మా ఆయన ఎల్డన్ ఇక్కణ్ణుంచే, ఇంట్లో ఉన్నట్టు, ఫోన్‌లో జవాబు చెబుతాడు.

ఈసారి నెట్ చంపుకుతింటోంది. మాట వెళ్తే బొమ్మ రాదు, బొమ్మ వస్తే మాట వెళ్ళదు. ఎల్డన్ ఫోన్ పైకెత్తుకుని ఇసుకలో తిరుగుతున్నాడు.

"దోచుకుపోతే పోనీ. వచ్చి ఆ చేప తిను, చల్లారిపోతోంది," అన్నాను.

"నువ్వూరుకో. గంట మోగుతోంది."

తెర నల్లగానే ఉంది. ఎల్డన్ విసుగ్గా ఎప్పటి మాటే అన్నాడు.

"లోపలే ఉన్నా. తలుపు తియ్యను, వెళ్ళిపో."

అప్పుడొచ్చింది బొమ్మ. ఆరేళ్ల కిందట మాతో పోట్లాడి, నంబరు కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయిన మా అమ్మాయి, చేతిలో పెట్టెతో మంచులో మెట్లు దిగిపోతోంది.

"ఆపు దాన్ని, ఎల్డన్. మనం ఇంట్లో లేమని చెప్పు."

అరిచి చెబుతూనే ఉన్నాడు. నెట్ అప్పటికే పోయింది.