ఫారంలో లెన్స్ గడి

శనివారం పొద్దున పెద్దపల్లి బస్సు ఎక్కేలోపు భూపాల్ చెయ్యాల్సిన పనులు ఇవి. తెల్లచొక్కా ఇస్త్రీకి ఇవ్వాలి. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ జిరాక్స్ తీయించాలి. స్టేజీ మీద మాట్లాడడానికి నాలుగు ముక్కలు రాసుకోవాలి. ఒక్కరోజుకు ఎవరినైనా అడిగి మ్యాక్రో లెన్స్ తేవాలి. క్లోజప్ ఫిల్టర్ల డబ్బాను దాచాలి.

చివరి పని ముందు చేశాడు. డబ్బాను బియ్యం బస్తా వెనక్కి తోశాడు.

తల్లి సారవ్వ చూడనే చూసింది. "ఏందిరా, దొంగసొమ్ము లెక్క దాస్తున్నవ్?"

"ఏం లేదవ్వా."

ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు భూపాల్. పురుగుల గురించి చదివాడు. మూడేళ్లయినా నౌకరి లేదు. గోదావరిఖనిలో వాళ్ల కాలనీవాళ్లు 'పురుగుల సారు' అని పిలిచి నవ్వుతారు. అట్లాంటప్పుడు ఒక ప్రకృతి సంస్థ పురుగుల ఫోటోల పోటీ పెట్టింది. డిగ్రీ ఉన్నవాళ్లకే. గెలిచినవాళ్లకు ఆ సంస్థలోనే నౌకరి.

పోటీ సంగతి తెలిసిన వెంటనే భూపాల్ జహంగీర్ కెమెరా దుకాణానికి పోయాడు.

"చిన్న పురుగును పెద్దగ చూపే మ్యాక్రో లెన్స్ అయితే దూరంకెల్లి కొట్టొచ్చు. పురుగు బెదరది. అంచుల దాకా సాఫ్" అన్నాడు జహంగీర్. "ఫిల్టర్లంటవా, నీ దగ్గరున్న లెన్స్‌కే కండ్లద్దాలు పెట్టినట్టు. ముందర బిగించుడే. గని ఫోకస్ వెంట్రుకంత ఉంటది. ఊపిరి పీలిస్తే పాయె."

"ఏది తీసుకొమ్మంటవ్ భాయ్?"

"నన్నెందుకు అడుగుతవ్? నీ జేబునడుగు."

జేబు ఫిల్టర్లే అన్నది.

వానలు వెనకబట్టినంక రోజూ తెల్లారకముందే పాత కెమెరాతో మట్టిగుట్ట ఎక్కాడు. ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్వి పోసిన గుట్ట. ఇప్పుడు దాని మీద గడ్డి మొలిచింది. తోడుగా తండ్రి ముత్యం వచ్చేవాడు. ఆయన బొగ్గుబాయిలో కప్పు చూసే పని చేసి రిటైరయ్యాడు. ఇనుప కడ్డీతో పైకప్పు తట్టి, చప్పుడు విని, నిలుస్తుందో కూలుతుందో చెప్పేవాడు.

"ఊపిరి బిగవట్టు బిడ్డా. చెయ్యి గిట్ల వణికితే ఎట్ల?"

"ఆగుతలేదు బాపూ."

"అన్నం కలిపేటప్పుడు మంచిగనే ఆగుతది గద!"

ఇరవై రోజులు అన్నీ మసకలే. ఇరవై ఒకటో రోజు కుదిరింది. గడ్డిపోచ మీద తూనీగ. దాని కంటి మీద మంచు బొట్టు. బొట్టులో నలుసంత బొగ్గు దుమ్ము.

ఆ సాయంత్రమే ఫోన్‌లో ఫారం నింపాడు. పేరు, చదువు, కెమెరా, లెన్స్. లెన్స్ గడి దగ్గర వేలు ఆగింది. ఫిల్టర్లంటే చిన్నచూపు చూస్తారేమో. 'మ్యాక్రో' అని కొట్టి పంపేశాడు.

మొదటి బహుమతి వచ్చింది. సంస్థ పెద్ద జగదీశ్వర్ స్వయంగా ఫోన్ చేశాడు. "శనివారం పెద్దపల్లిలో బహుమతుల సభ. ఆ లెన్స్ పట్టుకురా భూపాల్. పిల్లలకు చూపిద్దాం."

అప్పట్నుంచి భూపాల్‌కు అన్నం సహించలేదు.

శుక్రవారం మళ్లీ జహంగీర్ దగ్గరికి పోయి నిలబడ్డాడు. సంగతి విని జహంగీర్ పగలబడి నవ్వాడు.

"పాగల్! ఇందుల సిగ్గేంది? ఫిల్టర్లతోని గట్ల తీసిన చెయ్యిని ముద్దు పెట్టుకోవాలె. ఏదీ, ఇటియ్యి."

భూపాల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

జహంగీర్ ఒక్కరోజుకని ఇచ్చిన మ్యాక్రో లెన్స్‌తో ఇంటికొచ్చేసరికి ముత్యం అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. భూపాల్ పక్కన కూర్చున్నాడు. మొహం చూడలేదు.

"బాపూ, ఫారంల అబద్ధం రాసిన. రేపు చెప్పేస్త."

"చెప్తె నౌకరి పోతది."

"పోతే పోనియ్యి. తల ఎత్తుకోలేకపోతున్న."

"ఫికర్ చెయ్యకు. కాయితం మీద ఒకటుంటది, లోపల ఇంకోటుంటది. బాయిల నౌకరి మా పెదనాయిన కొడుకు ఎల్లేశంకు వచ్చింది. ఆడు బుగులువడి దిగనన్నడు. ఆని పేరు మీద నేను దిగిన. ముప్పై ఏండ్లు అందరు నన్ను ఎల్లేశమనే పిలిచిండ్రు. బొగ్గేమన్న తక్కువెల్లిందా?"

ముత్యం బీడీ నలిపి లేచాడు.

"నీకు నౌకరి దొరికితె నాకంతే సాలు" అని ముత్యం లోపలికి పోయాడు.

శనివారం పెద్దపల్లిలో హాలు నిండింది. బల్ల మీద మ్యాక్రో లెన్స్ మెరుస్తోంది. వెనక గోడంత తెర మీద తూనీగ కన్ను. చివరి వరుసలో ముత్యం, సారవ్వ.

"ఈ లెన్స్ లేకుంటే ఈ ఫోటో లేదు. అంతేనా?" అని జగదీశ్వర్ మైకు ఇచ్చాడు.

రాసుకొచ్చిన కాగితం భూపాల్ చేతిలో నలిగిపోయింది.

"కాదు సార్. నేను అబద్ధం రాసిన. నా దగ్గర మ్యాక్రో లెన్స్ లేదు. ఈ ఫోటో క్లోజప్ ఫిల్టర్లతోని తీసింది."

జగదీశ్వర్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇంకేమన్నా చెప్పాలా నాయనా?"

భూపాల్ నోరు తెరిచాడు. చివరి వరుస వైపు చూశాడు. తండ్రి వద్దన్నట్టు తల ఊపాడు.

"లేదు సార్."

"విన్నారా పిల్లలూ! ఇంత నిజం చెప్పేవాడే మాకు కావాలి" అని జగదీశ్వర్ నౌకరి కాగితం చేతిలో పెట్టాడు. చప్పట్లు ఆగలేదు. భూపాల్ తల ఎత్తలేదు.

ఆ తూనీగ ఫోటో మీకెక్కడైనా కనబడితే, కింద భూపాల్ అని ఉన్నా సరే, ఇరవై ఒకటో రోజు కొడుకు చేతిలోంచి కెమెరా తీసుకుని, ఊపిరి బిగబట్టి దాన్ని తీసిన ముత్యంను గుర్తు చేసుకోండి.